గూట్లో గ్లాసు

మా అరుగు గోడకి ఒక గూడు ఉంది. ఆ గూట్లో ఒక గాజు గ్లాసు, గ్లాసులో సగం కాఫీ. ఆ కాఫీ ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట నేను పోసింది. ఇప్పటికీ వేడిగానే ఉంది.

పొద్దున్న లేవగానే ముందు దాన్నే చూస్తాను. పొగ వస్తుంటే నా మనసు కుదుటపడుతుంది. వస్తూనే ఉంటుంది. చలికాలం కొంచెం ఎక్కువగా వస్తుంది. ఈగలు పడకుండా పైన ఒక కాగితం ముక్క కప్పుతాను. ఆవిరికి మెత్తబడుతుంది కాబట్టి రోజూ మారుస్తాను. గ్లాసుని మాత్రం ముట్టుకోను.

మనిషి ఊరికి బయల్దేరితే, చేరినట్టు కబురు వచ్చేదాకా ఇల్లు ఊడవకూడదు, తలంటుకోకూడదు, తాగి వదిలిన గ్లాసు కడగకూడదు. అవి పోయినవాళ్ళ వెనక చేసే పనులు. బతికున్న మనిషి వెనక చేస్తే ఆ మనిషి ఇక రాదు. మా అమ్మ చెప్పింది. మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది.

సువార్తమ్మ చేరినట్టు నాకు కబురు రాలేదు. అందుకని ఇల్లు ఊడవలేదు. ఇంట్లో కాఫీ పొడి చీలమండల దాకా పేరుకుంది. నడిస్తే అడుగుల చప్పుడు వినిపించదు. తలంటుకోలేదు కూడా. జడ బరువెక్కి, నేను కూర్చుంటే అది పక్కన వేరే కూర్చుంటుంది.

మాది కాఫీ పొడి కొట్టు. వీధి గదిలో గింజలు వేయించే డబ్బా, పక్కన చేత్తో తిప్పే మర. వెనకాల వంటిల్లు. మా ఆయన ఉన్నన్నాళ్ళు మర ఆయన తిప్పాడు. తర్వాత నేను తిప్పాను. సువార్తమ్మ మా ఊరి ఆసుపత్రిలో నర్సు. మొదటిసారి పొడి కట్టించుకోవడానికే వచ్చింది. ఆ తర్వాత రోజూ నాలుగింటికి, డ్యూటీ దిగి, కాఫీకి వచ్చేది.

అరుగు మీదే కూర్చునేది. ఆవిడ పేట మనిషి. పేట మనుషులు మా గడప దాటకూడదని, మా గ్లాసుల్లో తాగకూడదని మా అత్తగారి శాసనం. అత్తగారే ఒక గాజు గ్లాసు తెప్పించి గూట్లో పెట్టించింది. నేను గిన్నె పైకెత్తి, తగలకుండా, ఆ గ్లాసులోకి కాఫీ వంచేదాన్ని. సువార్తమ్మ తాగి, చెంబుతో నీళ్ళు పోసుకుని తనే కడుక్కుని, గూట్లో బోర్లించి వెళ్ళేది. పధ్నాలుగేళ్ళు వచ్చింది. కడగకుండా వెళ్ళిన రోజు లేదు.

పార్వతీపురం బదిలీ అయి వెళ్ళే రోజున మాత్రం సగమే తాగింది. గ్లాసు కడగలేదు. అలాగే గూట్లో నిలబెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

బండి కూత వినిపించి వెళ్ళిందా, కోపంతో వెళ్ళిందా? నాకు తెలియాల్సింది ఇదొక్కటే.

కథలు చదివితే తెలుస్తుందేమో అనుకున్నాను. నేను బడికి వెళ్ళలేదు. తను ఉన్న రోజుల్లోనే, పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పత్రికల మీద అక్షరాలు నేర్చుకున్నాను. మా బోర్డు మీద 'కాఫీ' అని ఉంటుంది కాబట్టి మొదట 'కా' వచ్చింది. తర్వాత మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. విడి కాగితాల్లో ఏ కథా పూర్తిగా ఉండదు. ఒకావిడ రైలు దిగుతుంది, కాగితం అయిపోతుంది. అవి నాలుగింటికి సువార్తమ్మకి పైకి చదివి వినిపించేదాన్ని. కాగితం అయిపోయిన చోటు నుంచి తను చెప్పేది. "దిగి ఏం చేస్తుంది, ముందు కాఫీ తాగుతుంది," అని అందుకునేది. ఎప్పుడూ అలాగే అందుకునేది.

తను వెళ్ళాక నేను చదివిన కథల్లో ఎవరూ ఎక్కడికీ చేరలేదు.

*

ఈ రోజు తొమ్మిదింటికి స్టేషన్ మాస్టరు భీమశంకరం గారు మా ఇంటికి వస్తారు. తెల్ల యూనిఫారం. చంకలో చుట్టిన పచ్చజెండా. కాఫీ పొడిలో చీలమండల దాకా దిగి, తిన్నగా వీధి గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంటారు.

"కాఫీ ఇప్పించండి అమ్మగారూ. చెప్పాల్సిన మాట ఒకటుంది. కాఫీ లేకుండా నా నోట్లోంచి రాదు."

స్టీలు గ్లాసులో ఇస్తాను. ఆయన సగం తాగి గ్లాసు కింద పెడతారు. నాకు కంగారు పుడుతుంది.

"పూర్తిగా తాగేయండి బాబూ. సగం వదలకండి."

"అదేనండి చెప్పొచ్చింది," అంటారు. మిగతా సగం కూడా తాగి మూతి తుడుచుకుంటారు. "మీ ఇంట్లో కడగాల్సిన గ్లాసు ఒకటి ఉండిపోయిందిటండి."

"ఎవరు చెప్పారు?"

"మా రికార్డులో ఉందండి. దానివల్ల బండి కాలవ అవతల సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు. నాకంటే ముందు ఐదుగురు మాస్టర్లు రిటైరై వెళ్ళారు. ఎవరూ మొహమాటంకొద్దీ మీతో అనలేకపోయారు. ఒంటరి మనిషి, చదువుకుంటూ ఉంటుంది, ఎందుకులే అని."

కాలవ అవతల ఎర్రగా, పొడుగ్గా ఏదో ఉందని నాకు తెలుసు. రోజూ కనిపిస్తూనే ఉంటుంది. బియ్యం గోడౌన్ అనుకున్నాను.

"బండిలో వాళ్ళు ఎలా ఉన్నారు?"

"బ్రహ్మాండంగా ఉన్నారండి. ఇంజను మీదకి బీరపాదు పాకించారు. మూడో పెట్టెలో పుట్టిన పిల్ల ఇప్పుడు డ్రైవరు. పాతాయన ఓపిక లేక దిగిపోయాడు. గార్డు గారమ్మాయి పెళ్ళి ఐదో పెట్టెలో చేస్తే మగపెళ్ళివారు ఆరో పెట్టెలో దిగారు. విడిది దగ్గరని తెగ మెచ్చుకున్నారు." ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంటారు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, బండెక్కిన మనుషులు కదండీ. ఎక్కడికో అక్కడికి చేరాలని ఉంటుంది."

"గ్లాసు కడిగితే?"

"బండి కదులుతుంది."

"కదిలితే?"

"వెళ్ళిపోతుందండి."

"అందుకే కడగలేదు."

ఆయన ఆలోచిస్తారు. న్యాయంగా ఆలోచించే మనిషిలా ఉన్నారు.

"కడగనందుకు ఆవిడ వచ్చిందా అండి?"

"రాలేదు."

"ఎలా వస్తుందండి మరి? వెళ్ళిన మనిషి కదా రావాలి. ఆవిణ్ణి మీరు ఇంకా వెళ్ళనివ్వలేదు."

నేను తల దించుకుంటాను. జడ కూడా తల దించుకుంటుంది.

ఆయన లేచి జెండా నా చేతిలో పెడతారు. "ఎండ మీ రెండో మెట్టు దాటేలోపల కడిగేయండి. కడిగాక మీరే ఇది ఊపండి. నేను ఊపితే లాభం లేదు, ఆరుగురం ఊపి చూశాం," అని చెప్పి వెళ్ళిపోతారు.

ఎండ అప్పటికే మొదటి మెట్టు మీద ఉంది. కుక్కలా ముందు కాళ్ళు చాపుకుని, రెండో మెట్టుకేసి చూస్తూ కూర్చుంది.

*

ముందు అడగాలి. అడిగాకే కడగాలి. లేకపోతే ఇక ఎవరిని అడుగుతాను?

కానీ ఎలా వెళ్ళాలి? వెనక నుంచి వెళ్తే, బయల్దేరిన మనిషిని వెనక్కి పిలిచినట్టు. ముందు నుంచి వెళ్తే విధవ ఎదురొచ్చినట్టు. అరుగు మీద నిలబడి చాలాసేపు ఆలోచిస్తాను. చివరికి పక్క నుంచి వెళ్ళచ్చని తోస్తుంది. పక్క నుంచి వెళ్ళకూడదని మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

జెండా చంకలో పెట్టుకుని గ్లాసు తీసుకుంటాను.

గాజు మీద సువార్తమ్మ వేళ్ళ గుర్తులు ఉన్నాయి. నా వేళ్ళు సరిగ్గా వాటిలోనే పడతాయి. చెయ్యి కాలుతుందని భయపడ్డాను. కాలదు. ఎవరో ఇప్పుడే పట్టుకుని అందించినంత వెచ్చగా ఉంటుంది. ఈ గ్లాసుని నేను ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

మెట్లు దిగుతాను. ఎదురింటి పేరిందేవి బియ్యం చెరుగుతూ తలెత్తుతుంది.

"ఏం తులశమ్మత్తా, గ్లాసు దిగిందే!"

"దిగిందమ్మా."

"ఒలకనివ్వకు. ఇన్నాళ్ళు కాపాడుకుని."

ఒలకడానికి వీల్లేదు. రోడ్డు నా చేతిని చూసుకుంటూ నడుస్తోంది. నా కుడి కాలు కుంటిది కాబట్టి నేను అటు ఒరిగినప్పుడల్లా రోడ్డు ఇటు ఒరిగి గ్లాసుని సమంగా ఉంచుతుంది. వంతెన దగ్గర కాలవ నీళ్ళు ఆగి, నేను దాటాక మళ్ళీ కదులుతాయి. మధ్యలో నిలిచిపోయిన పడవవాడు విసుక్కోడు. కాఫీ వాసన పీల్చి, "మంచి గింజ," అంటాడు.

*

అది గోడౌన్ కాదు. రైలే. ఇటుక రంగు పెట్టెలు, కిటికీలకి చెక్క తలుపులు. ఇంజను కనిపించకుండా బీరపాదు అల్లుకుంది. పచ్చటి పూలు. డ్రైవరు ఇంజను కప్పు మీద వడియాలు ఎండబెడుతోంది. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి.

"ఎవరికోసమండి?"

"నర్సు సువార్తమ్మ."

"మా అమ్మకి పురుడు పోసిందావిడే. ఏడో పెట్టె. కిటికీ పక్కనే ఉంటారు, అక్కణ్ణించి లేవరు."

ఏడో పెట్టె కిటికీ దగ్గర సువార్తమ్మ కూర్చుని ఉంది. తెల్లచీర, నీలం అంచు. చేతికి వాచీ. ఆ రోజు ఎలా వెళ్ళిందో అలాగే, నలభై నాలుగేళ్ళ మనిషి. నాకు డెబ్భై ఆరు. అప్పుడు నేనే చిన్నదాన్ని.

"ఏవమ్మా తులశమ్మా, ఒక్క పూటలో ఇంత ముసలైపోయావేంటి?"

"నీకు పూటేమో. నాకు మోకాళ్ళు పోయాయి."

"కుడిదేనా?"

"కుడిదే."

"ఆవనూనె రాయమని ఆనాడే చెప్పాను, విన్నావా? లోపలికి రా."

"టికెట్టు లేదు."

"గ్లాసుందిగా, ఎక్కు."

ఎక్కుతాను. పెట్టెలో గడప లేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న బల్ల చూపిస్తుంది. కూర్చుంటాను. ఎక్కడ కూర్చోవాలని నేను అడగలేదు. అడగకుండా కూర్చున్నానని కాసేపయ్యాక గాని గమనించలేదు.

కిటికీలోంచి చూస్తే మా అరుగు కనిపిస్తోంది. గూడు తిన్నగా, చేతికందేంత దగ్గరగా ఉంది.

"రోజూ చూస్తూనే ఉన్నాను," అంటుంది. "పొద్దున్నే వచ్చి కాగితం మారుస్తావు. తీసింది చదువుతావు. పెట్టేది కూడా చదువుతావు. అవతల జనం పొడి కోసం నిలబడి ఉంటారు."

"చదవకుండా ఎలా పెట్టను?"

"పెట్టకు, పెట్టకు. నువ్వింతే."

గ్లాసు ఇద్దరికీ మధ్య పెడతాను. తను తీసుకుని ఒక గుక్క తాగి నాకిస్తుంది. ఒక్క క్షణం నా చెయ్యి గాలిలో ఆగుతుంది. తను చూస్తుంది. నేను తాగుతాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి గ్లాసులో కాఫీ ఒక వేలెడు దిగుతుంది.

అది దిగగానే ఒక మధ్యాహ్నం పెట్టెలోకి ఎక్కి, తడి గొడుగు ముడిచి, మా పక్కన కూర్చుంటుంది. దాన్ని గుర్తుపడతాను. వానాకాలం. నేను మొదటిసారి ఒక వాక్యం మొత్తం తడబడకుండా పైకి చదివిన మధ్యాహ్నం. 'ఈ మందు పిల్లలకు అందకుండా ఉంచవలెను.' అది ప్రకటన అని నాకు తెలియదు, కథ అనుకున్నాను.

"ఆ మందు ఏమైందని అడిగావు నన్ను," అంటుంది సువార్తమ్మ.

"పిల్లలకి అందిందని చెప్పావు నువ్వు."

"పిల్లలు మందు పంచుకు తాగి, మర్నాటికి మీసాలు మొలిచి, బడికెళ్ళి మేష్టారిని బెంచీ ఎక్కించారని చెప్పాను." వాన మధ్యాహ్నం కూడా నవ్వుతుంది. దాని గొడుగులోంచి నీళ్ళు కారి బల్ల కింద మడుగు కడతాయి.

రెండో గుక్కకి ఇంకొకటి ఎక్కుతుంది. అది మాడు వాసన వేస్తోంది. ఆసుపత్రికి ఒకాయన కడుపునొప్పితో వచ్చి, సూది చూసి, "మా ఆవిడకి పొడవండి, అది గట్టిది, ఓర్చుకుంటుంది" అన్నాడని సువార్తమ్మ చెప్పిన రోజు. నవ్వుతూ నవ్వుతూ నేను డబ్బా తిప్పడం మర్చిపోయాను. గింజలన్నీ మాడిపోయాయి. మా ఆయన కేకలేశాడు. మర్నాడు జనం వచ్చి, నిన్నటి పొడే కావాలన్నారు. వారం తర్వాత మా ఆయన అరుగు మీదకి వచ్చి, "నర్సమ్మా, ఆ కడుపునొప్పి సంగతి మళ్ళీ ఓసారి చెప్పవా మా ఆవిడకి," అని అడిగాడు.

"పాపం, మంచివాడు," అంటుంది సువార్తమ్మ.

ఆ మాటతో మూడో మధ్యాహ్నం వస్తుంది. అది చెప్పులు లేకుండా వచ్చి, మూలకి ఒదిగి కూర్చుంటుంది. మా ఆయన పోయిన మూడో రోజు. ఇంట్లో అందరూ చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు. సువార్తమ్మ లోపలికి రాకూడదు కాబట్టి నేనే అరుగు మీదకి వచ్చాను. అక్కడ ఏడుపు వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదని తను ఫ్లాస్కులో కాఫీ పెట్టుకొచ్చింది. మూత తీసి, మూతలోనే పోసి, నా ముందు పెట్టింది.

నేను తాగలేదు. కిటికీలోంచి అత్తగారు చూస్తోంది. సువార్తమ్మ కాఫీని మళ్ళీ ఫ్లాస్కులో పోసి, మూత బిగించి తీసుకెళ్ళింది.

మూల కూర్చున్న మధ్యాహ్నం చేతిలో ఆ ఫ్లాస్కే ఉంది. ఎర్ర గళ్ళది. అది మా ఇద్దరికేసీ చూడదు.

గ్లాసులో అడుగున కొంచెమే మిగిలింది.

*

"సువార్తా, ఒక మాట అడగనా?"

"అడగడానికేగా పక్క నుంచి వచ్చావు."

"ఆ రోజు గ్లాసు ఎందుకు కడగలేదు? కూత వినిపించి వెళ్ళిపోయావా? కోపమొచ్చా?"

సువార్తమ్మ వాచీ చూసుకుంటుంది. నాలుగూ పది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నాలుగూ పదే.

"కోపమే," అంటుంది.

పెట్టెలో మధ్యాహ్నాలు మూడూ కదలకుండా కూర్చుంటాయి.

"మీ అత్తగారు పోయారు. పెద్దకర్మ అయ్యాక చూశాను, గ్లాసు లోపలికి తీసుకెళ్తావేమోనని. నెల చూశాను. తొందరపెట్టకూడదులే అనుకున్నాను. ఏడాది చూశాను. రెండేళ్ళు చూశాను, తులశమ్మా. అత్తగారు వెళ్ళిపోయింది. గ్లాసు గూట్లోనే ఉంది. అప్పుడు కూడా నువ్వు గిన్నె అంత ఎత్తునుంచే వంచేదానివి."

"నాకు భయమేసేది."

"ఎవరంటే?"

"గోడ మీద ఆవిడ ఫోటో ఉంది కదా."

"ఫోటో కాఫీ పోసిందా ఏంటి?"

"చూసేది."

సువార్తమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వదు. కిటికీలోంచి మా గూటికేసి చూస్తూ చెప్తుంది. "అందుకని ఆఖరి రోజు కడగలేదు. నేను కడగకపోతే నువ్వు కడగాలి. కడగాలంటే ముట్టుకోవాలి. ఒక్కసారి ముట్టుకుంటే చాలు, నేను హాయిగా పార్వతీపురం పోతాను అనుకున్నాను. బండెక్కి ఇక్కడ కూర్చుని చూస్తున్నాను. ఇదిగో ఇప్పుడు కడుగుతుంది. ఇదిగో ఇప్పుడు."

"నువ్వు తిరిగి రావాలని కడగలేదు నేను."

"నువ్వు ముట్టుకోవాలని కడగలేదు నేను."

ఇద్దరం గ్లాసుకేసి చూస్తాం.

"ఇన్నేళ్ళూ ఒక్క గ్లాసు పట్టుకుని కూర్చున్నాం ఇద్దరం," అంటాను.

"పట్టుకోకుండా," అంటుంది సువార్తమ్మ. ఇప్పుడు నవ్వుతుంది.

నాకు ఊపిరి అడుగంటా వెళ్తుంది. ఇన్నేళ్ళుగా గొంతు దగ్గరే ఆగి వెనక్కి వచ్చేసేది. కోపమే. నా మీదే. తగినదే. అంతు తెలియని కోపానికి భయపడ్డాను గాని, ఇది సగం గ్లాసు కోపం, కడిగితే పోతుందని తనే చెప్తోంది.

"తప్పు చేశాను సువార్తా. అత్తగారి పేరు చెప్పి చేశాను. తర్వాత పేరు చెప్పడానికి కూడా ఎవరూ లేకుండా చేశాను."

"చేశావు," అంటుంది. "అడుగున పంచదార ఉండిపోయింది. తాగేయ్."

తాగుతాను. ముందు చేదు తగులుతుంది. పంచదార తర్వాత వస్తుంది.

*

సువార్తమ్మ మరచెంబూ గ్లాసూ తీసుకుని పట్టాల పక్కన కంకర మీదకి దిగుతాను. డ్రైవరు వడియాలు వదిలి వచ్చి, ఇంజనులోంచి గుప్పెడు బూడిద తెచ్చి నా చేతిలో పోస్తుంది. "మెత్తగా ఉంటుందండి. గాజు గీసుకోదు."

సువార్తమ్మ కిటికీ మీద చేతులు ఆనించి, చేతుల మీద గడ్డం పెట్టుకుని చూస్తోంది.

లోపల వేళ్ళు పెట్టి తోముతాను. బయట అరచేత్తో తోముతాను. తన వేళ్ళ గుర్తులు పోయేటప్పుడు నా చెయ్యి ఆగుతుంది.

"ఆగకు. నా వేళ్ళు నా దగ్గరున్నాయి," అని పైనుంచి పది వేళ్ళూ ఆడించి చూపిస్తుంది. "అంచు కింద కూడా తోము."

"తెలుసులే. పధ్నాలుగేళ్ళు నువ్వు తోముతుంటే చూశాను."

"చూశావు మరి."

కడిగేస్తాను. నీళ్ళు కంకరలోకి ఇంకుతాయి. గ్లాసు ఎండలోకి ఎత్తి చూస్తే అందులోంచి ఊరంతా కనిపిస్తుంది. తలకిందులుగా లేదు.

బోర్లించబోతే తను వద్దంటుంది. "పట్టుకెళ్ళు. ఇదీ పట్టుకెళ్ళు." మూల కూర్చున్న మధ్యాహ్నం దగ్గర ఫ్లాస్కు తీసుకుని కిటికీలోంచి అందిస్తుంది. "ఆ రోజుదే. నీకోసం పెట్టింది. ఇంకొకళ్ళకి ఎలా ఇస్తాను?"

తీసుకుంటాను. వెచ్చగా ఉంది.

"చేరగానే ఉత్తరం రాయి."

"రాస్తాను."

"సగంలో ఆపకు."

"దిగి ఏం చేస్తాను," అంటుంది సువార్తమ్మ, "ముందు కాఫీ తాగుతాను. తర్వాత రాస్తాను."

జెండా విప్పుతాను. చెయ్యి వణుకుతుంది కాబట్టి వేరే ఊపక్కర్లేదు. అది తనే ఊగుతుంది. సిగ్నల్ చెయ్యి కిందికి వాలుతుంది. బండి పెద్దగా నిట్టూర్చి కదులుతుంది. బీరపాదు తెగదు. ఎంత దూరమైతే అంత దూరం సాగుతూ, పూలు రాల్చకుండా, బండి వెంట వెళ్తుంది. ఏడో పెట్టెలోంచి సువార్తమ్మ చెయ్యి ఊపుతుంది. పక్క కిటికీల్లోంచి మధ్యాహ్నాలు ఊపుతాయి, ఒకటి గొడుగుతో. చెప్పులు లేనిది కూడా.

ఏడుపు వస్తుందేమోనని నిలబడి చూస్తాను. రాదు. ఆకలేస్తుంది.

*

వెనక్కి వచ్చేసరికి ఎండ రెండో మెట్టు దాటి లోపలికి వెళ్ళింది. మా ఇల్లు తిరగబడి ఉంది. దులపడానికి సంచీని లోపలిది బయటికి తిప్పినట్టు తిరగబడింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాఫీ పొడి దులిపేసినట్టుగా వీధంతా పడి ఉంది. పేరిందేవి చేటలోకి ఎత్తుకుంటోంది.

వంటిల్లు ఇప్పుడు వీధి వైపు ఉంది. ఎవరైనా మెట్లెక్కితే ముందు పొయ్యి దగ్గరికే వస్తారు. దాని వెనక మర ఉన్న గది. అన్నిటికంటే లోపల, దేవుడి పటాలుండే చోట, మా అరుగు ఉంది. అరుగు మీద గూడు ఉంది.

అరుగు మీద మా అత్తగారు కూర్చుని ఉంది. గోడ మీద ఫోటో చట్రం ఖాళీగా ఉంది. ఆవిడ పోయి నలభై ఏళ్ళయింది. కొంచెం నలిగినట్టుంది గాని ఆరోగ్యంగానే ఉంది.

"ఎక్కడికెళ్ళావే? నాలుగు దాటింది. కాఫీ ఏదీ?"

స్టీలు గ్లాసుల కోసం చూస్తాను. ఇల్లు దులుపుకున్నప్పుడు అవి కూడా పోయినట్టున్నాయి. నా చేతిలో ఉన్నదొక్కటే ఉంది. ఫ్లాస్కు మూత తీసి గ్లాసులో పోస్తాను. గిన్నె ఎత్తినట్టు ఎత్తను. దగ్గరగా, అంచుకి ఆనించి పోస్తాను. అందిస్తాను.

ఆవిడ గ్లాసుకేసి చూస్తుంది. గుర్తుపట్టింది. నాకేసి చూస్తుంది. ఈ చూపుకే నేను అన్నేళ్ళు భయపడ్డాను.

"ఇంట్లో ఇదొక్కటే గ్లాసు అత్తయ్యా," అంటాను.

ఆవిడ అటూ ఇటూ చూస్తుంది. కాఫీ వాసన ఆవిడ ముక్కు దాకా వెళ్తుంది. చెయ్యి చాపి తీసుకుంటుంది. నోటి దాకా తీసుకెళ్ళి ఆగుతుంది.

"ఇందులో ఏదో తిరుగుతోందే!"

వంగి చూస్తాను. కాఫీ మీద, గాజు అంచు వెంబడి, ఇటుక రంగు బండి తిరుగుతోంది. బీరపువ్వంత పొగ.

"ఊదుకుని తాగండి. లోపల మనుషులున్నారు."

మా అత్తగారికి వేడి పడదు. బతికున్నప్పుడు కూడా ఊది ఊది తాగేది. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినిపించేది. ఇప్పుడూ అలాగే పెదవులు సున్నా చుట్టి ఊదుతుంది. ఆ గాలికి బండి వేగం అందుకుంటుంది. గాజుకి అవతలి వైపు ఒక చిన్న ప్లాట్‌ఫారం కనిపిస్తుంది. ఆవిడ ఇంకాస్త మెల్లగా ఊదుతుంది. బండి అక్కడ ఆగుతుంది. తెల్లచీర ఒకటి దిగుతుంది. దిగి నిలబడి, ముందు కాఫీ తాగుతుంది.

తర్వాత కాఫీ గింజంత పోస్ట్‌మాన్ ఒకడు గ్లాసు అంచు మీదకి ఎక్కి, మా అత్తగారి బొటనవేలి మీదకి దిగుతాడు. భుజాన సంచీ, చేతిలో తెల్లగా ఒక కాగితం. ఆవిడ చేతి ముడతల మధ్య దారి వెతుక్కుంటూ మణికట్టుకేసి నడుస్తాడు.

"కదలకండి అత్తయ్యా."

"కదలటం లేదుగా," అంటుంది ఆవిడ, పెదవులు కదపకుండా.

మోచెయ్యి దాకా రావడానికి వాడికి చాలాసేపు పడుతుంది. అక్కణ్ణించి నా చేతికి మారాలి. తొందరేం లేదు. ఆవిడ గ్లాసు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. నేను పక్కన చెయ్యి ఆనించి కూర్చుంటాను. రెండో చేత్తో తలంటు నూనె సీసా మూత తీస్తాను. జడ తనంతట తనే లేచి వచ్చి, ముడి విప్పుకుని, నా ఒళ్ళో తల పెడుతుంది.